దక్కను ఎండలో వైమానికుల యూనిఫాం: బేగంపేట నుంచి దుండిగల్ వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు పరిసర ప్రాంతం సుమారు ఎనభై ఏళ్ళుగా వైమానిక శిక్షణకు కేంద్రంగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేట, ఆ తరువాత హకీంపేట, దుండిగల్ ఈ చరిత్రలో ప్రధాన స్థానాలు. చల్లని ఐరోపా వాతావరణంలో రూపుదిద్దుకున్న వైమానిక దళ దుస్తులు దక్కను వేడిలోకి వచ్చినప్పుడు ఏ మార్పులకు లోనయ్యాయి, ఆ మార్పులను వైద్య విశ్వాసాలు, అధికార హోదా, అగ్ని భద్రత, వస్త్రశాస్త్రం ఏ మేరకు ప్రభావితం చేశాయి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యూనిఫాంను అలంకారంగానో క్రమశిక్షణా చిహ్నంగానో మాత్రమే చూడక, శరీరానికీ శీతోష్ణస్థితికీ మధ్య కుదిరిన ఒక ఒప్పందంగా చూడాలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన. ఆ ఒప్పందంలో భూతల సిబ్బంది పక్షం బలహీనంగా మిగిలిపోయిందని వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఖాకీ, యూనిఫాం, భారత వైమానిక దళం, బేగంపేట, దుండిగల్, లష్కర్, ఉష్ణ ఒత్తిడి, భూతల సిబ్బంది.

1. ఉపోద్ఘాతం:
సైనిక చరిత్ర రచనలో ఆయుధాలకూ యుద్ధాలకూ దక్కిన చోటు దుస్తులకు దక్కలేదు. దుస్తుల ప్రస్తావన వచ్చినా అది పతకాలు, పట్టీలు, చిహ్నాల వర్ణనకే పరిమితమవుతుంది. బట్ట బరువెంత, నేత ఎలాంటిది, చెమట ఆరుతుందా, ఉతికితే నిలుస్తుందా అన్న ప్రశ్నలు చరిత్రకారుల దృష్టికి చిన్నవిగా కనిపించాయి. అయితే వేసవి మధ్యాహ్నం రన్‌వే పక్కన నిలబడిన మనిషికి ఇవే పెద్ద ప్రశ్నలు.

ఈ పరిశీలనకు హైదరాబాదు తగిన క్షేత్రం. దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో వేసవి పొడిగా, తీవ్రంగా ఉంటుంది. ఇక్కడ 1966 జూన్ 2న 45.5 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. మరోవైపు 1946 జనవరి 8న కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు పడిపోయింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరమే ఇక్కడి యూనిఫాం సమస్యకు మూలం. ఒకే దుస్తు ఏడాది పొడవునా పనికిరాదు. దీనికి విమానయానం మరో చిక్కును జోడించింది. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు రెండు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. నేలమీద నలభై డిగ్రీల వేడిలో బయలుదేరిన వైమానికుడు పదిహేను వేల అడుగుల ఎత్తులో పది డిగ్రీల చలిలో ఉంటాడు. అంటే ఒకే పూటలో రెండు ఋతువులను ఒకే దుస్తుతో దాటవలసి వస్తుంది.

2. లష్కర్ పదజాలం, ఖాకీ రాక:
1798 నాటి సైన్య సహకార ఒప్పందం తరువాత నిజాం రాజ్యంలో బ్రిటిషు సేనలు స్థిరపడ్డాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలిసింది. ప్రజల నోట ఆ ఊరు ‘లష్కర్’ అయింది. నేటికీ అక్కడి బోనాలు లష్కర్ బోనాలే. సిపాయి, ఫౌజు, కవాతు, పటాలం వంటి మాటలు తెలుగులో స్థిరపడటానికి ఇటువంటి సైనిక స్థావరాలు ఒక ముఖ్యకారణం. నియమాలు అన్న అర్థంగల అరబీ పదం ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో ‘కవాతు’గా మారింది. దుస్తులకు సంబంధించిన ‘వర్దీ’ అనే ఉర్దూ మాట తెలంగాణ వాడుకలో వినిపిస్తుంది. తరువాత ఇంగ్లీషు ‘యూనిఫాం’ దానిని వెనక్కి నెట్టింది.

తొలినాటి ఐరోపా సేనలు ఉష్ణదేశాలలోనూ బిగుతైన ఎర్ర ఉన్ని కోట్లు ధరించాయి. ఆ స్థితిని మార్చినది ఖాకీ. పారశీకంలో ‘ఖాక్’ అంటే దుమ్ము. 1846లో పెషావరు ప్రాంతంలో హ్యారీ లమ్స్‌డెన్ ఆధ్వర్యంలో ఏర్పడిన గైడ్స్ దళం మట్టిరంగు దుస్తులను వాడుకలోకి తెచ్చింది. శత్రువు కంట పడకపోవడం, మురికి కనపడకపోవడం, నూలుబట్ట చల్లగా ఉండటం అనే మూడు ప్రయోజనాలు అందులో కలిశాయి. 1857 తరువాత ఖాకీ వాడకం విస్తరించింది. 1902 నాటికి బ్రిటిషు సైన్యమే తన సొంత గడ్డపై ఖాకీని సేవాదుస్తులుగా స్వీకరించింది. వలసరాజ్యపు ఎండ నేర్పిన పాఠం పాలకదేశానికి చేరిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

3. నిజాం ధనం, చలిదేశపు విమానాలు:
వైమానిక చరిత్రతో హైదరాబాదు సంబంధం వేడితో గాక చలితో మొదలుకావడం గమనార్హం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటన్‌లో ఒక దళానికి డీహెచ్ 9ఏ విమానాలు సమకూరాయి. ఆ కారణంగా అది 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్‌గా ప్రసిద్ధికెక్కింది. 1918లో ఆ దళం ఫ్రాన్సు నుంచి జర్మనీపై దూరశ్రేణి బాంబుదాడులు చేసింది. పైకప్పులేని విమానాలలో, గడ్డకట్టే చలిలో ఆ వైమానికులు గంటల తరబడి ప్రయాణించేవారు.

ఆ చలికి సమాధానంగా వచ్చినదే ‘సిడ్‌కాట్’ దుస్తు. ఆస్ట్రేలియాకు చెందిన వైమానికుడు సిడ్నీ కాటన్ నూనె, గ్రీజు పట్టిన తన మెకానిక్ ఓవరాల్ ధరించి ఎగిరినప్పుడు మిగతావారికన్నా తనకు చలి తక్కువగా ఉండటం గమనించాడు. నూనె బట్టలోని రంధ్రాలను మూసి గాలిని ఆపిందని గ్రహించి 1917లో బొచ్చు అస్తరు, గాలి చొరని పట్టు, పైన గట్టి బట్ట అనే మూడు పొరలతో కొత్త దుస్తును రూపొందించాడు. ఫ్లయింగ్ ఓవరాల్ వంశవృక్షంలో పైలటుకంటే ముందు మెకానిక్ ఉన్నాడన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం. అంతేగాక గాలిని ఆపడమే ఆ దుస్తు ప్రాణం. ఉష్ణదేశంలో అవసరమైన గుణం సరిగ్గా దానికి విరుద్ధం.

1918 ఏప్రిల్ 1న ఏర్పడిన బ్రిటిషు రాయల్ వైమానిక దళం 1919లో నీలి-బూడిద రంగును ఎంచుకుంది. ఆ ఉన్ని దుస్తు ఇంగ్లండు చలికి సరిపోయింది. ఈజిప్టు, ఇరాకు, భారతదేశం వంటి చోట్ల ఆ దళం తన నీలిరంగును పక్కనబెట్టి సైన్యపు ఖాకీ డ్రిల్లునే ఆశ్రయించింది. 1932 అక్టోబరు 8న ఏర్పడిన భారత వైమానిక దళానికి ఈ జంట విధానం వారసత్వంగా వచ్చింది. శీతాకాలంలో నీలి-బూడిద ఉన్ని, వేసవిలో ఖాకీ నూలు. 1933 ఏప్రిల్ 1న కరాచీ సమీపంలోని డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటి విమానాలతో తొలి దళం మొదలైనప్పుడు అందులోని 19 మంది సాంకేతిక సిబ్బందిని ‘హవాయి సిపాయిలు’ అన్నారు. గాలిలో ఎగిరే యంత్రాలను నేలమీద నిలబడి నడిపించినవారికి దక్కిన తొలి పేరు అది.

4. టోపీ, వెన్నుమెత్త, దోమ: వైద్య విశ్వాసాల పాత్ర:
ఉష్ణదేశపు యూనిఫాంను నిర్ణయించినది వాతావరణం ఒక్కటే కాదు, వాతావరణం గురించిన భావనలు కూడా. ఎండలోని కొన్ని కిరణాలు తెల్లజాతివారి మెదడునూ వెన్నుపామునూ దెబ్బతీస్తాయని పందొమ్మిదో శతాబ్దపు వలస వైద్యం నమ్మింది. దాని ఫలితంగా తలపై సోలా టోపీ, వీపుపై దూది కుట్టిన వెన్నుమెత్త, నడుముకు ఉన్ని పట్టీ వాడుకలోకి వచ్చాయి. ‘సోలా’ అన్నది చెరువుల్లో పెరిగే జీలుగ జాతి మొక్క బెండుకు ఉత్తరాది పేరు. ఇంగ్లీషువారి చెవికి అది ‘సోలార్’గా వినిపించి సూర్యుడితో ముడిపడింది. బెండు తేలిక, వేడిని లోనికి రానివ్వదు కనుక టోపీకి కొంత ప్రయోజనం ఉన్న మాట నిజమే. వెన్నుమెత్త, ఉన్ని పట్టీలు మాత్రం చెమట ఆరకుండా చేసి కీడునే కలిగించాయి. రక్షణ పేరిట చేర్చిన పొర శరీరానికి భారమైన తొలి ఉదాహరణ ఇది.

టోపీకి మరో అర్థం కూడా ఉండేది. పాలకుడినీ పాలితుడినీ దూరం నుంచే వేరుచేసి చూపే గుర్తు అది. అదే సమయంలో ఇక్కడి రైతు తలకు రుమాలు చుట్టుకున్నాడు. కురుమ గొల్ల గొంగడి కప్పుకున్నాడు. పొరలు పొరలుగా చుట్టిన నూలు తలపాగా, పొరల మధ్య చిక్కుకున్న గాలితో బెండు చేసే పనినే చేస్తుంది. ఉన్ని గొంగడి వానకూ చలికీ ఎండకూ ఒకే కప్పుగా ఉపయోగపడుతుంది. స్థానిక దుస్తులలోని ఈ వివేకం యూనిఫాం రూపకర్తల పరిగణనలోకి పెద్దగా రాలేదు. ఒక విచిత్రమేమంటే, నిజాం పేరుతో ముడిపడిన 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ తన అధికారిక చిహ్నంలో నిజాం శిరోవేష్టనాన్నే చేర్చుకుంది. దక్కను తలపాగా బ్రిటిషు చిహ్నంపైకి ఎక్కింది, బ్రిటిషు సైనికుడి తలపైకి మాత్రం ఎక్కలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేలాదిమంది సైనికులు, వైమానికులు సోలా టోపీ లేకుండానే ఎండలో పనిచేయగలిగారు. దానితో కిరణ సిద్ధాంతం చప్పబడి టోపీ కనుమరుగైంది.

వైద్యం యూనిఫాంకు మేలు చేసిన సందర్భమూ ఉంది. అది బేగంపేటకు అతి సమీపంలోనే మొదలైంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. కోసిన దోమల భాగాలు ఎగిరిపోతాయన్న కారణంగా ఉక్కపోతలోనూ పంకా లేకుండా ఆయన పని సాగింది. ఆయన పేరిట ఉన్న పరిశోధన భవనం నేటికీ పాత బేగంపేట విమానాశ్రయం పక్కనే ఉంది. ఆ ఆవిష్కరణ ఉష్ణదేశపు యూనిఫాంను రెండు పూటలుగా విభజించింది. పగలు నిక్కరు, మడిచిన చేతులు. పొద్దు గుంకాక పొడవు ప్యాంటు, దించిన చేతులు. ఎండకు చర్మం కనిపించాలి, దోమకు కనిపించకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు రంగమంతటా ఈ నియమం సైనిక క్రమశిక్షణలో భాగమైంది.

5. బేగంపేట: యుద్ధకాలపు శిక్షణ, ఖాకీ డ్రిల్లు:
రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారత వైమానిక దళ విస్తరణకు పైలట్లు పెద్ద సంఖ్యలో అవసరమయ్యారు. 1వ ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల బేగంపేటలో, 2వది జోధ్‌పూర్‌లో నడిచాయి. ఇక్కడి శిక్షణ విమానం టైగర్ మాత్. పైకప్పులేని ఆ రెండు రెక్కల విమానంలో గాలి ముఖానికి కొడుతుంది కనుక తోలు శిరస్త్రాణం, కళ్ళద్దాలు తప్పనిసరి. ఎగిరినంతసేపూ గాలి చల్లబరిచేది. అసలు వేడి నేలమీదే ఉండేది. విమానం ఎక్కడానికి ముందు, దిగిన తరువాత, వరుసలో వేచి ఉన్నప్పుడు తోలు శిరస్త్రాణం కింద చెమట కారేది.

ఖాకీ డ్రిల్లు నేతను ఇక్కడ కొంత వివరంగా చూడాలి. డ్రిల్లు అంటే ఏటవాలు గీతలు కనిపించే బిగువైన నూలు నేత. దానికి మన్నిక ఎక్కువ, గాలి ఆడటం తక్కువ. దీనికి పరిష్కారంగా చిన్నచిన్న రంధ్రాలున్న ‘ఏర్‌టెక్స్’ నేత చొక్కాలు యుద్ధకాలంలో విస్తృతంగా వచ్చాయి. నడుము బయట వేలాడే బుష్ చొక్కా కూడా ఈ కాలంలోనే ప్రచారంలోకి వచ్చింది. చొక్కా లోపలికి దోపితే గాలి లోన తిరగదు. బయటికి వదిలితే కదిలినప్పుడల్లా గాలి కింది నుంచి పైకి పోతుంది. చూపుకు క్రమశిక్షణ తగ్గినట్టున్నా ఒంటికి సుఖం పెరిగింది.

బట్ట మారడంతో హోదా చిహ్నాల చోటు కూడా మారింది. నీలిరంగు ఉన్ని కోటుపై అధికారి హోదా ముంజేతి దగ్గర పట్టీలుగా కుట్టి ఉండేది. ఖాకీ దుస్తులలో అది భుజాలమీద, తీసి పెట్టుకోగల పట్టీలకు మారింది. చేతులు మడిస్తే ముంజేతి పట్టీ కనిపించదు. పైగా ఖాకీ ఎప్పటికప్పుడు ఉతికి తీరవలసిన బట్ట. లోహపు గుండీలు కూడా ఉంగరాల సాయంతో ఊడదీసే విధంగా ఉండేవి. అంటే ఉష్ణదేశపు యూనిఫాం నిర్మాణాన్ని సగం నిర్ణయించినది చాకిరేవు. చాకలి, దర్జీ లేకుండా ఈ యూనిఫాం ఒక వారంపాటైనా నిలిచేది కాదు.

ఈ సందర్భంలో గంజి ప్రస్తావన అవసరం. కవాతుకు నిక్కరు మడత కత్తి అంచులా నిలవాలంటే గంజి దట్టంగా పట్టించాలి. గంజి నూలుపోగుల మధ్య సందులను పూడ్చి గాలినీ చెమటనూ అడ్డుకుంటుంది. సిడ్నీ కాటన్ ఓవరాల్‌కు నూనె చేసిన పనినే ఇక్కడ గంజి చేసింది. చలిలో వరమైనది ఎండలో శాపమైంది. హోదా కోరే నిగనిగకూ శరీరం కోరే గాలికీ మధ్య ఘర్షణ ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

యుద్ధం తూర్పుకు మళ్ళాక ఖాకీకీ పరిమితి ఎదురైంది. 110వ స్క్వాడ్రన్ 1942లో భారతదేశానికి వచ్చింది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ స్క్వాడ్రన్ 1943 చివరికి బర్మా రంగానికి చేరింది. హైదరాబాదు పేరు మోసిన దళాలు చివరికి ఉష్ణమండలంలోకే వచ్చాయి. బర్మా అడవుల్లో మట్టిరంగు దాచదు, పట్టిస్తుంది. దానితో ‘జంగిల్ గ్రీన్’ దుస్తులు రంగప్రవేశం చేశాయి. మొదట్లో ఉన్న ఖాకీకే ఆకుపచ్చ రంగు వేసి వాడుకున్నారు. 1942లో ఏర్పడిన మహిళా సహాయక దళంలో భారతీయ స్త్రీలకు ఖాకీ చీర యూనిఫాంగా ఉండటం కూడా ఈ కాలపు విశేషం. స్థానిక దుస్తు సైనిక రంగును ధరించి అధికారిక గుర్తింపు పొందిన సందర్భమది.

6. స్వాతంత్ర్యానంతరం: ఖాకీకి వీడ్కోలు:
1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైంది. బేగంపేట, హకీంపేట క్షేత్రాలు దేశ వైమానిక వ్యవస్థలో భాగమయ్యాయి. 1967 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుసేన్ దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి శంకుస్థాపన చేశారు. 1971 నుంచి అక్కడ శిక్షణ సాగుతోంది. 1950లో గణతంత్రం ఏర్పడినప్పుడు దళం పేరులోని ‘రాయల్’ పోయింది గాని, వేసవి ఖాకీ ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. తరువాతి దశాబ్దాలలో లేత నీలి చొక్కా, ముదురు నీలి-బూడిద ప్యాంటు దాని స్థానాన్ని ఆక్రమించాయి.

ఈ మార్పును వాతావరణ కారణంతో మాత్రమే వివరించలేము. లేత నీలిరంగు ఖాకీకంటే చల్లనిదని నిర్ధారించే బలమైన ఆధారమేదీ అవసరపడలేదు. ఇక్కడ భాష ఒక సూచన ఇస్తుంది. తెలుగు పత్రికలలో ‘ఖాకీలు’ అంటే పోలీసులే. సైన్యం ఆలివ్ ఆకుపచ్చకు మారింది, నౌకాదళానికి తెలుపు ఉండనే ఉంది. ఖాకీ క్రమంగా పోలీసు శాఖకు పర్యాయపదమైంది. ఒకప్పుడు ఎండకు సమాధానంగా పుట్టిన రంగు ఇప్పుడు వృత్తికి గుర్తుగా మారినప్పుడు, వైమానిక దళం తనదైన ఆకాశవర్ణాన్ని ఎంచుకోవడం సహజ పరిణామంగా కనిపిస్తుంది.

రంగుకూ వేడికీ ఉన్న సంబంధం కూడా లోకం అనుకున్నంత సూటి కాదు. ఎడారి బెదూయిన్లు నల్లని అంగీలు ఎందుకు ధరిస్తారన్న ప్రశ్నపై 1980లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. వదులైన అంగీ నల్లదైనా తెల్లదైనా శరీరానికి చేరే వేడి ఒకటేనని అది తేల్చింది. నల్లబట్ట అదనంగా పీల్చుకున్న వేడి, బట్టకూ ఒంటికీ మధ్య తిరిగే గాలితో పోతుంది. రంగుకంటే వదులు ముఖ్యమని దీని సారాంశం. యూనిఫాం చరిత్ర రంగులపై చేసినంత చర్చ వదులుపై చేయలేదు.

7. కొలతల యుగం: వేడి, నిప్పు, ఒత్తిడి:
ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో విశ్వాసాల స్థానంలోకి కొలతలు వచ్చాయి. అమెరికా మెరీన్ శిక్షణ శిబిరాలలో వడదెబ్బలను అరికట్టేందుకు యాగ్లూ, మినార్డ్ 1957లో ఒక సూచికను ప్రతిపాదించారు. తడిబల్బు ఉష్ణోగ్రతకు 70 శాతం, నల్లని గోళం చూపే వికిరణ ఉష్ణోగ్రతకు 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ ఇవ్వడం దాని పద్ధతి. ఎండ తీవ్రతకంటే తేమే శరీరానికి పెద్ద శత్రువని ఈ సూత్రం చెబుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి శరీరం నుంచి పోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట నీటినీ ఉప్పునూ తీసుకుపోతుందే గాని చల్లదనాన్నివ్వదు.

దీనిని తెలుగు నేలకు అన్వయిస్తే ఒక ముఖ్యమైన తేడా బయటపడుతుంది. పొడిగా ఉండే దుండిగల్ మే నెలలో నూలు దుస్తు చక్కగా పనిచేస్తుంది. బాపట్ల దగ్గరి సూర్యలంక వైమానిక స్థావరంలో సముద్రపు తేమవల్ల అదే దుస్తు తడిసి ఒంటికి అంటుకుపోతుంది. రెండు చోట్లా ఉష్ణోగ్రత అంకె తక్కువ తేడాతో ఉన్నా శరీరానికి అనుభవం వేరు. ‘వేసవి యూనిఫాం’ అనే ఒకే మాట ఈ రెండు వేసవులనూ కప్పేస్తోంది. అలాగే గాలి వేడి చర్మపు వేడిని, అంటే దాదాపు 35 డిగ్రీలను, మించినప్పుడు బయటపెట్టిన చర్మం గాలి నుంచి వేడిని గ్రహిస్తుంది. 42 డిగ్రీల ఎండలో నిక్కరుకంటే వదులైన పొడవు దుస్తే మేలు. నిండుగా కప్పుకుని పొలానికి వెళ్ళే కూలీ ఆచరణలో ఎరిగిన సత్యమిది.

జెట్ విమానం రాకతో వేడికి నిప్పు, గురుత్వభారం తోడయ్యాయి. నైలాన్, పాలిస్టర్ వంటి దారాలు అగ్నికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు కరగదు గాని మండుతుంది. 1960లలో వచ్చిన నోమెక్స్ అనే అరమిడ్ దారం కరగదు, మంటను కొనసాగనీయదు. ఫ్లయింగ్ ఓవరాల్‌కు అది ప్రమాణమైంది. కాని అది నూలులా చెమటను పీల్చదు. దానిపైన కాళ్ళకూ పొట్టకూ గాలిసంచులతో బిగించే గురుత్వ నిరోధక దుస్తు, ఆపైన పట్టీలు, శిరస్త్రాణం చేరతాయి. చెమటతో శరీరంలో నీరు తగ్గితే గురుత్వభారాన్ని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. అంటే ప్రాణరక్షణకు వేసిన పొరలే మరో రకమైన అపాయానికి దారితీయవచ్చు. 1957లో బెంగుళూరులో మొదలైన వైమానిక వైద్య సంస్థ ఇటువంటి సమస్యల అధ్యయనానికి కేంద్రం. యుద్ధవిమాన పైలట్ల కోసం 1979లో నన్‌లీ, స్ట్రిబ్లీ రూపొందించిన ఉష్ణ ఒత్తిడి సూచిక ఉష్ణోగ్రత, తేమల ఆధారంగా జాగ్రత్త మండలాన్నీ ప్రమాద మండలాన్నీ విడదీసింది. నేలమీద కాక్‌పిట్‌లో వేచి ఉండే కాలానికి పరిమితి పెట్టాలన్నది దాని ముఖ్య సందేశం. టైగర్ మాత్ కాలపు సమస్య, గాజు కప్పు కింద మరింత తీవ్రమై ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది.

2016 జూన్ 18న దుండిగల్‌లో దేశపు తొలి ముగ్గురు మహిళా యుద్ధవిమాన పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ కమిషన్ పొందారు. పురుష శరీరపు కొలతలతో రూపొందిన బిగుతు దుస్తులు స్త్రీ శరీరానికి ఎంతవరకు సరిపోతాయన్న ప్రశ్న దానితో ప్రాధాన్యం సంతరించుకుంది. 2022 అక్టోబరు 8న చండీగఢ్‌లో జరిగిన వైమానిక దళ దినోత్సవంలో డిజిటల్ మభ్యరంగుల కొత్త పోరాట యూనిఫాం ఆవిష్కృతమైంది. ఖాకీతో మొదలైన ‘కనపడకపోవడం’ అనే లక్ష్యం కొత్త గణితంతో తిరిగి వచ్చింది.

8. రన్‌వే పక్కన నిలబడినవారు:
ఈ చరిత్రంతటిలో దుస్తుల పరిశోధన ఎక్కువగా పైలటు చుట్టూ తిరిగింది. సిడ్‌కాట్, గురుత్వ నిరోధక దుస్తు, నోమెక్స్, ఉష్ణ ఒత్తిడి సూచిక అన్నీ పైలటు శరీరాన్ని ఉద్దేశించినవే. దీనికి తగిన కారణం ఉంది. గాలిలో స్పృహ తప్పితే విమానమే పోతుంది. అయితే పైలటు కొన్ని నిమిషాలు అనుభవించే నేలవేడిని భూతల సిబ్బంది రోజంతా అనుభవిస్తారు. కాంక్రీటు నుంచి ఎగసే వేడి, ముట్టుకుంటే చురుక్కుమనే లోహపు రెక్క, ఇంజను వదిలే సెగ వారి పని పరిసరాలు. ‘హవాయి సిపాయి’ వారసుల దుస్తు చరిత్ర ఇంకా రాయవలసే ఉంది.

ఈ ప్రశ్న సైనిక స్థావరాల గోడలు దాటి బయటికి కూడా విస్తరించింది. 2008 మార్చిలో హైదరాబాదు పౌర విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు తరలింది. తొండుపల్లి వంటి గ్రామాల సరసన 4,260 మీటర్ల రన్‌వే వెలిసింది. అటువంటి విమానాశ్రయాలలో సామాను ఎక్కించేవారు, ఇంధనం నింపేవారు, విమానాలకు దారి చూపేవారు మామూలు దుస్తులపై మెరుపు పట్టీల జాకెట్టు ధరిస్తారు. సాధారణంగా అది పాలిస్టరు. ఖాకీ మనిషిని కనపడకుండా చేయడానికి పుట్టింది, మెరుపు జాకెట్టు కనపడేలా చేయడానికి పుట్టింది. లక్ష్యాలు విరుద్ధమైనా రెండూ ఒంటిపై ఒక పొరే. ఆ పొర కింద చెమట ఆరుతుందా అన్న ప్రశ్న బేగంపేట కాలం నుంచి నేటివరకు ఒక్కటే.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. ఎండలో నిలబడి పనిచేయక తప్పని వృత్తులవారికి దుస్తు ఎంపిక ఇక సౌందర్య విషయం కాదని ఆ నెల స్పష్టం చేసింది.

9. ఉపసంహారం:
పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. మొదటిది, ఉష్ణదేశపు వైమానిక యూనిఫాం ఎన్నడూ ఒక్క కారణంతో రూపొందలేదు. వేడి, దోమ, నిప్పు, శత్రువు కన్ను, హోదా అనే శక్తులు దానిని వేర్వేరు దిక్కులకు లాగాయి. రెండవది, రక్షణ కోసం చేర్చిన ప్రతి పొరకూ శరీరం మూల్యం చెల్లించింది. వెన్నుమెత్త, గంజి, గురుత్వ నిరోధక దుస్తు, మెరుపు జాకెట్టు దీనికి వరుస ఉదాహరణలు. మూడవది, విశ్వాసాల నుంచి కొలతలకు జరిగిన ప్రయాణం పైలటుకు మేలు చేసినంతగా భూతల సిబ్బందికి చేయలేదు. నాలుగవది, ఈ చరిత్రకు కావలసిన సాక్ష్యం కేవలం సైనిక పత్రాలలో లేదు. లష్కర్ దర్జీల కొలతల పుస్తకాల్లో, చాకిరేవుల జ్ఞాపకాల్లో, వర్దీ, కవాతు, ఖాకీ వంటి మాటల అర్థపరిణామంలో కూడా ఉంది. తెలుగు పరిశోధకులు మౌఖిక చరిత్ర పద్ధతిలో ఈ సామగ్రిని సేకరించడానికి ఇది తగిన సమయం. ఆ తరంవారు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

కొత్త యూనిఫాం ఏదైనా రూపొందినప్పుడు దానిని కవాతు మైదానంలో చూసి మెచ్చుకోవడం సులభం. దాని అసలు పరీక్ష మే నెల మధ్యాహ్నం, నీడలేని కాంక్రీటుపై, రెంచి పట్టుకున్న మనిషి ఒంటిమీద జరగాలి.